టేబుల్ ఎత్తు కొలవకుండా బజర్ కొనకండి

సంపాదకులకు,

అయ్యా,

వంగి కూర్చుంటే కూతపెట్టే పరికరాలు మన ఊళ్లలోకి వచ్చిపడ్డాయి. టేబుల్ అంచుకి అంటించేవి, వీపుకి తగిలించుకునేవి, కుర్చీలో పరిచే మెత్తలు, కంప్యూటర్ కెమెరాతో కనిపెట్టి హెచ్చరించే సాఫ్ట్‌వేర్లు, మీట నొక్కితే పైకి లేచే బల్లలు. విజయవాడ, గుంటూరుల్లో స్టడీ హాళ్లు నడిపేవాళ్లు, కాలేజీల వాళ్లు, ఇంటి నుంచి పనిచేసేవాళ్లు వీటిలో ఏది మంచిదని వాకబు చేస్తున్నారు. ఈ ఉత్తరం రాస్తున్న మాలో కొందరిది ఫిజియోథెరపీ, కొందరిది ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పే పని, కొందరిది ఫర్నిచర్ పని. మూడు పనుల వాళ్లం చెప్పేదీ ఒకటే. ముందు దర్జీ టేపు తీసుకుని బల్ల కొలవండి. పరికరం సంగతి ఆ తరవాత.

మన దగ్గర వడ్రంగికి టేబుల్ చెయ్యమని చెబితే అడక్కుండానే 30 అంగుళాలు వేస్తాడు. అంటే 76 సెం.మీ. కాగితం పెట్టుకుని పెన్నుతో రాసే రోజుల లెక్క అది. కీబోర్డులొచ్చి ఇన్నేళ్లయినా మారలేదు. ఐదడుగుల రెండంగుళాల మనిషి అరికాళ్లు నేలకి ఆనించి కూర్చుని, భుజాలు వదులు చేసి, మోచెయ్యి మడిస్తే నేల నుంచి మోచేతి అడుగుకి 24, 25 అంగుళాలే వస్తుంది. ఐదడుగుల ఏడంగుళాల మనిషికైతే 26, మహా అయితే 27. బల్లేమో 30 దగ్గరుంది. దాని మీద కీబోర్డు మందం ఇంకో అంగుళం. ఆ తేడా అంతా భుజాలే మోయాలి. రెండూ చెవుల వైపు లేచి అక్కడే బిగుసుకుంటాయి, గంట తిరిగేసరికి మెడకీ భుజానికీ మధ్య కండ రాయిలా అవుతుంది. ఆ బాధ తప్పించుకోవడానికి మనిషి మోచేతులు బల్ల మీద ఆనించి ముందుకి వాలతాడు. సరిగ్గా అప్పుడు మోగుతుంది బజర్! తప్పు బల్లది, తిట్లు మనిషికి.

కొలత తీయడానికి ఇంకొకరి సాయం కావాలి. ఎవరి మోచెయ్యి వాళ్లు కొలుచుకుంటే భుజం వంగి అంగుళం తేడా వస్తుంది. పని చేసేటప్పుడు చెప్పులు వేసుకునే అలవాటుంటే చెప్పులతోనే కొలవాలి. కుర్చీ వెనక్కి ఆనుకుని కూర్చున్నప్పుడు సీటు అంచుకీ మోకాలి వెనక భాగానికీ మధ్య రెండు మూడు వేళ్లు పట్టే సందు ఉండాలి. లేదంటే సీటు లోతెక్కువ. అలాంటి కుర్చీలో మనిషి వెనక్కి ఆనుకోలేడు, ఆనుకుంటే మోకాళ్ల వెనక నొక్కుకుని కాళ్లు తిమ్మిరెక్కుతాయి. నడుం వెనక నాలుగంగుళాల మందం దిండు పెట్టుకుంటే ఆ లోతు ఆ మేరకు తగ్గుతుంది. పొట్టివాళ్లకి ఇది బాగా పనికొస్తుంది.

బల్ల ఎత్తు తగ్గించే వీలుంటే అదే మంచిది. చెక్క కాళ్లయితే కోయించవచ్చు, నాలుగూ ఒకే గీత మీద కోయాలి. వీల్లేకపోతే రెండు దార్లున్నాయి. ఒకటి, గ్యాస్ లిఫ్ట్ కుర్చీ పైకి లేపుకోవడం. అది మామూలుగా నాలుగంగుళాలు లేస్తుంది. లేపినంత మేరా పాదాలు గాల్లోకి లేస్తాయి కాబట్టి కింద పీట తప్పనిసరి. 18 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల లోతున్న పలకని ఇవతల 3, అవతల 5 అంగుళాలు ఎత్తు వచ్చేట్టు వాలుగా కొట్టించి, అడుగున రబ్బరు పట్టీ వేయించండి. లేకపోతే గ్రానైట్ నేల మీద జారుతూ పోతుంది. రెండోది కీబోర్డు ట్రే. బజారులో దొరికే ట్రేలలో చాలా వాటికి వెడల్పు చాలదు. నంబర్లున్న పూర్తి కీబోర్డుకే 45 సెం.మీ. పోతుంది, మౌస్‌కి ఇంకో 25 కావాలి. 70 సెం.మీ. కన్నా ఇరుకైతే మౌస్ పై బల్ల మీదే మిగిలిపోతుంది. ఎడమ చెయ్యి కిందా కుడి చెయ్యి పైనా పెట్టి రోజంతా పనిచేస్తే కుడి భుజం లాగక ఏం చేస్తుంది? సీటు నుంచి ట్రే అడుగుకి కనీసం 17 సెం.మీ. వదలండి, తొడలు పట్టాలి కదా. బల్ల ముందు అడ్డపట్టీ ఉంటే ట్రే ఆ పట్టీ కింద నుంచి బయటికి రాగలదో లేదో ముందే చూసుకోవాలి. బల్ల పార్టికల్ బోర్డుదైతే స్క్రూలు ఆర్నెల్లకే పొట్టు రాల్చుకుంటూ ఊడొస్తాయి. పైనుంచి రంధ్రం వేసి నట్టూ బోల్టూ బిగించడమే మేలు. 18 మి.మీ. ప్లైవుడ్‌కి 16 మి.మీ. స్క్రూ వాడాలి, 25 మి.మీ.ది వేస్తే మొన బల్ల పైన తేలుతుంది.

తెర సంగతి చాలామందికి తెలిసిందే. కళ్లకి చెయ్యి చాపినంత దూరం, పై అంచు కంటి మట్టానికి లేదా కాస్త కిందికి. ఒక్క మినహాయింపు ఉంది. బైఫోకల్, ప్రోగ్రెసివ్ అద్దాలు వాడేవాళ్లు అద్దం కింది భాగంలోంచి చూస్తారు. వాళ్లకి తెర మట్టంగా పెడితే గడ్డం పైకెత్తాల్సి వస్తుంది, మెడ వెనక పట్టేస్తుంది. అలాంటివాళ్లకి తెర ఇంకో రెండంగుళాలు దించి, కాస్త వెనక్కి వాల్చండి. ల్యాప్‌టాప్‌కి ఎంత మంచి బల్ల వేసినా లాభం లేదు, తెర కంటికి సరిపోతే చేతులు పైకి పోతాయి, చేతులకి సరిపోతే మెడ వంగుతుంది. కింద ఆరేడు అంగుళాల ఎత్తు పెట్టి, వేరే కీబోర్డు, వేరే మౌస్ తగిలించడం ఒక్కటే దారి.

ఇవన్నీ అయ్యాకే పరికరం మాట. అసలు ఏ పరికరమైనా ఏం కొలవాలి? నిటారుగా కూర్చున్నారా లేదా అన్నది కాదని మా అభిప్రాయం. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులకి పెద్దవాళ్లలో సొంత రక్తనాళాలు లేవు. చుట్టూ ఉన్న ద్రవం అటూ ఇటూ ఇంకడం వల్లే వాటికి పోషణ అందుతుంది, మనిషి కదిలితేనే అది బాగా జరుగుతుంది. కండరం కూడా అంతే, బిగబట్టి కదలకుండా ఉంచితే దానికి రక్తం సరిగా అందదు. గచ్చు మీద కర్ర పాతినట్టు రెండు గంటలు నిటారుగా కూర్చున్న మనిషికీ నొప్పి వస్తుంది. కాబట్టి పరికరం లెక్కపెట్టాల్సింది మనిషి ఎంతసేపు కదలకుండా ఉన్నాడో. మార్కెట్లో ఉన్నవాటిలో ఎక్కువ భాగం ఇది పక్కన పెట్టి వంపు కోణం మీదే పడ్డాయి. కోణం కొలవడం తేలిక కాబట్టి.

ఇంట్లోనో కాలేజీ ల్యాబ్‌లోనో తయారు చేసుకునేవాళ్లకి చవక సామానుతో పని జరుగుతుంది. ఆర్డినో ఊనో బోర్డు (మనం రాసిన ప్రోగ్రాము నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు), దూరం కొలిచే సెన్సర్, చిన్న ఎల్ఈడీ, నాణెమంత వైబ్రేషన్ మోటారు, ఒక బటన్. సెన్సర్‌ని తెర కింది అంచున, బల్ల నుంచి అరచెయ్యంత ఎత్తులో, ఛాతీ వైపు తిప్పి పెట్టాలి. ముఖం వైపు పెడితే తల పక్కకి తిప్పినప్పుడల్లా లెక్క తప్పుతుంది.

సెన్సర్లలో చవకది హెచ్‌సి-ఎస్‌ఆర్04. 40 కిలోహెర్ట్‌జ్ శబ్దం పంపి, ప్రతిధ్వని తిరిగొచ్చే సమయం కొలుస్తుంది. 2 సెం.మీ. నుంచి 4 మీటర్ల దాకా చూస్తుంది. దీంతో మన ఊళ్లో వచ్చే చిక్కు ఎండ. పాఠాల్లో, ఇంటర్నెట్ ప్రోగ్రాముల్లో మైక్రోసెకన్లని 58తో భాగిస్తే సెంటీమీటర్లు వస్తాయని రాస్తారు. అది 20, 25 డిగ్రీల గదికి లెక్క. శబ్ద వేగం 20 డిగ్రీల దగ్గర సెకనుకి 343 మీటర్లు, డిగ్రీకి 0.6 మీటరు చొప్పున పెరుగుతుంది, 40 డిగ్రీలకి 355కి చేరుతుంది. మే నెలలో ఏసీ లేని బెజవాడ గదిలో 60 సెం.మీ. దూరంలో ఉన్న మనిషి 58 సెం.మీ. దగ్గరున్నట్టు చూపిస్తుంది. పొద్దున చల్లటి వేళ సరిచేసిన పరికరం మధ్యాహ్నానికి ఊరికే గొణగడం మొదలెడుతుంది. ఎండాకాలం 58 బదులు 56 పెట్టినా పని గడుస్తుంది. ఇంకాస్త శ్రద్ధ ఉంటే డీహెచ్‌టీ11 ఉష్ణోగ్రత సెన్సర్ తగిలించి వేగాన్ని అప్పటికప్పుడు లెక్కగట్టవచ్చు.

రెండో చిక్కు బట్టలు. మెత్తటి నూలు చీర కుచ్చిళ్లు, మడతలు పడిన చున్నీ, ఉన్ని శాలువా శబ్దాన్ని మింగేస్తాయి. ప్రతిధ్వని రాకపోతే చాలా ప్రోగ్రాములు సున్నా ఇస్తాయి. సున్నా అంటే మనిషి సెన్సర్‌కి ముద్దుపెడుతున్నాడని అర్థం చేసుకుని బజర్ మోగిపోతుంది! సున్నా వస్తే పారెయ్యమని ప్రోగ్రాములో ముందే రాయాలి. ఐదు కొలతలు తీసి, వరుసలో పెట్టి, మధ్యదాన్ని మాత్రమే నమ్మాలి. సగటు తీస్తే ఒక్క చెడ్డ కొలత మొత్తాన్ని లాగేస్తుంది. మూడో చిక్కు స్టడీ హాళ్లకి సంబంధించింది. పక్కపక్క బల్లల మీద ఇరవై సెన్సర్లు పెడితే అన్నీ అదే 40 కిలోహెర్ట్‌జ్ మీద అరుస్తాయి. ఒకదాని ప్రతిధ్వని ఇంకొకటి వింటుంది. హాళ్లకి ఇది పనికిరాదు.

అలాంటి చోట వీఎల్53ఎల్0ఎక్స్ అనే కాంతితో కొలిచే సెన్సర్ వాడండి. కంటికి కనపడని 940 నానోమీటర్ల లేజర్ కిరణం, కంటికి హాని లేని తరగతిది, 2 మీటర్ల దాకా చూస్తుంది. గది వేడితో దీనికి పెద్దగా పని లేదు. కానీ పడమటి కిటికీలోంచి సాయంత్రం ఎండ నేరుగా పడితే చూపు మందగిస్తుంది, నల్ల చొక్కాల మీద కూడా దూరం తగ్గుతుంది. కొత్తగా కొన్నదాని మీద పసుపు రంగు పల్చటి పొర అంటించి ఉంటే అది పీకెయ్యాలి. పీకకుండా బిగించి, సెన్సర్ పాడైందని తిప్పి పంపేవాళ్లు ఉన్నారు. దుమ్ము పడకుండా ముందు గాజు ముక్క పెట్టినా కాంతి అక్కడే వెనక్కి కొట్టి లెక్క చెడగొడుతుంది. హెచ్‌సి-ఎస్‌ఆర్04ని ఊనో బదులు ఈఎస్‌పీ32 అనే బోర్డుకి కలిపేవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోండి. ఆ సెన్సర్ ఎకో కాలు (ప్రతిధ్వని కబురు బోర్డుకి చేరవేసే పిన్ను) 5 వోల్టులు ఇస్తుంది, ఈఎస్‌పీ32 భరించేది 3.3. మధ్యలో 1 కిలోఓమ్, 2 కిలోఓమ్ రెసిస్టర్లతో వోల్టేజీ తగ్గించి కలపాలి.

ప్రోగ్రాము తర్కం ఇలా ఉంటే మంచిది. మనిషి వెనక్కి ఆనుకుని హాయిగా కూర్చున్నప్పుడు బటన్ నొక్కితే పది సెకన్ల కొలతలు తీసి దాన్ని అతని సొంత దూరంగా దాచుకోవాలి. కరెంటు పోయినా చెరిగిపోకుండా బోర్డులోని ఈఈప్రామ్ అనే మెమరీలో దాచాలి, బటన్ నొక్కినప్పుడు మాత్రమే. సెకనుకోసారి రాసేట్టు ప్రోగ్రాము పెట్టారంటే లక్షసార్లు రాసే దాని ఆయుష్షు 28 గంటల్లో తీరిపోతుంది. ఆ సొంత దూరం కన్నా 10 సెం.మీ. దగ్గరికి వచ్చి రెండు నిమిషాలు అలాగే ఉంటే పసుపు దీపం వెలగాలి, అంతే. వాలిన మరుక్షణం మోగితే మంచినీళ్ల సీసా అందుకున్నా మోగుతుంది. అసలు లెక్క ఇంకోటి. గడచిన 25 నిమిషాల్లో వచ్చిన అతి తక్కువ దూరానికీ అతి ఎక్కువ దూరానికీ తేడా 4 సెం.మీ. కన్నా తక్కువుంటే మనిషి బొమ్మలా ఉన్నట్టు. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ కదిలేది, సెన్సర్ తడబాటు కలిపినా అంత ఉండదు. అప్పుడు మోటారు ఒకసారి చిన్నగా వణకాలి. లెక్క మళ్లీ మొదటికి రావాలంటే మనిషి కుర్చీ దిగాలి, అంటే దూరం మీటరు దాటి అర నిమిషం ఉండాలి. మెడ ఇటూ అటూ ఊపి మోసం చెయ్యడానికి వీలుండకూడదు.

ఇంజినీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టుల్లో తరచూ వచ్చే తప్పు ఒకటి ఇక్కడే దొర్లుతుంది. ఊనోలో సమయాన్ని ఇంట్ అనే చిన్న డబ్బాలో పెడతారు. అందులో 32,767 మించి పట్టదు, మిల్లీసెకన్లు కాబట్టి 32 సెకన్లు దాటగానే లెక్క తిరగబడి రుణ సంఖ్యలొస్తాయి. అన్‌సైన్డ్ లాంగ్ అనే పెద్ద డబ్బాలో పెట్టాలి. ఇంకోటి, వైబ్రేషన్ మోటారుని నేరుగా బోర్డు కాలికి కలపడం. ఆ చిన్న మోటారు 80 మిల్లీయాంపుల దాకా లాగుతుంది, బోర్డు కాలు గట్టిగా ఇస్తే 40. మోటారు తిరిగినప్పుడల్లా బోర్డు రీసెట్ అవుతోందంటే కారణం ఇదే, కొన్నాళ్లకి ఆ కాలు కాలిపోతుంది. మధ్యలో 2ఎన్2222 ట్రాన్సిస్టర్, దాని బేస్‌కి 1 కిలోఓమ్ రెసిస్టర్, మోటారుకి అడ్డంగా 1ఎన్4007 డయోడ్ తిరగేసి పెట్టాలి. శబ్దం చేసే బజర్ మాత్రం వద్దు. హాల్లో ఒకడిది మోగితే నలభై తలలు తిరుగుతాయి. ఆ పిల్లాడు సిగ్గుపడి రెండో రోజుకే వైరు పీకేస్తాడు.

ఈ దూరం లెక్కకి అందని భంగిమ ఒకటుంది, మన వాళ్లు ఎక్కువగా కూర్చునేదీ అదే: జారగిలబడటం. పిరుదులు సీటు ముందుకి జారి, నడుం వెనక ఖాళీ పడి, వీపు విల్లులా వంగుతుంది. ఛాతీ మాత్రం ఉన్నచోటే ఉంటుంది, ఒక్కోసారి వెనక్కే పోతుంది. సెన్సర్ దృష్టిలో ఆ మనిషి బుద్ధిమంతుడు. దీన్ని పట్టుకోవాలంటే సీటు కింద ముందొకటి వెనకొకటి ఒత్తిడి సెన్సర్లు కావాలి. ఎఫ్‌ఎస్‌ఆర్ అనే పల్చటి బిళ్లలు చవకే గానీ అవి తూకం వేసే కాటాలు కావు. మనిషి బరువు నేరుగా పడితే హద్దు దాటి మూగబోతాయి. అడుగున గట్టి ప్లైవుడ్, పైన రెండంగుళాల స్పాంజి, బిళ్ల నడిమధ్య అంతే సైజు రబ్బరు ముక్క పెట్టాలి. ముందు ఎంత వెనక ఎంత అన్న నిష్పత్తినే చూడాలి, కిలోల లెక్క అడగకూడదు. స్పాంజి నెల తిరిగేసరికి అణిగిపోతుంది కాబట్టి బటన్ నొక్కి మళ్లీ సరిచేసుకోవాలి. చక్రాల కుర్చీలో వైరు తెగడం మాత్రం ఆపలేం. ఇంత తంటా పడే బదులు నడుం వెనక సన్న దిండు పెట్టి, సీటు వెనక దాకా జరిగి కూర్చుంటే జారడం చాలావరకు తగ్గుతుంది.

కెమెరా సాఫ్ట్‌వేర్ల గురించి ఒక్క హెచ్చరిక. మీడియాపైప్ లాంటి ప్రోగ్రాములు మనిషి ఒంటి మీద 33 గుర్తులు పట్టుకుని కంప్యూటర్‌లోనే లెక్కేస్తాయి, బొమ్మ బయటికి పోనక్కర్లేదు. కానీ ఎదురుగా ఉన్న కెమెరాకి వీపు వంపు కనపడదు. ముఖం పెద్దదవడం, ఒక భుజం దిగడం మాత్రమే కనపడతాయి. పైగా ఆఫీసుల్లో ఇది వెన్ను కోసం మొదలై, ఎవరు సీట్లో ఎంతసేపు ఉన్నారో మేనేజరు చూసే పట్టికగా మారడానికి ఎంతోసేపు పట్టదు. అలాంటి పట్టిక వచ్చిన రోజు నుంచి ఉద్యోగి లేచి నడవడం మానేస్తాడు. ఏ రోగానికి మందు వేశామో దాన్నే పెంచినట్టు. ఆఫీసులో పెట్టేదైతే లెక్కలు ఆ మనిషి బల్ల దాటి పోకూడదు.

ఇక మోటారు బల్లలు. డబ్బున్న ఆఫీసులు కొంటున్నాయి, కొనేటప్పుడు అందరూ ఎంత పైకి లేస్తుందని అడుగుతారు. అడగాల్సింది ఎంత కిందికి దిగుతుందని. కాలు రెండు ముక్కలదైతే మామూలుగా 70, 72 సెం.మీ. కన్నా దిగదు, పైన పలక మందం అదనం. అంటే మళ్లీ మన 30 అంగుళాల బల్లే, మోటారు ఖర్చు ఎక్కువ. మూడు ముక్కల కాళ్లవి 60, 62 దాకా దిగుతాయి. పొట్టివాళ్లున్న చోట ఇవే కొనాలి. కంట్రోల్ పెట్టె మీద 2 నిమిషాలు, 18 నిమిషాలు అని రాసి ఉంటుంది. రెండు నిమిషాలు ఆపకుండా నడిపితే పద్దెనిమిది నిమిషాలు చల్లారనివ్వాలని అర్థం. కొత్తలో అందరూ సరదాగా పైకీ కిందికీ ఆడిస్తారు, అది మొరాయిస్తుంది, చెడిపోయిందంటారు. కరెంటు మధ్యలో పోయి వస్తే కొన్ని బల్లలు ఎక్కడున్నామో మర్చిపోతాయి, ఒక కాలు ఎత్తుగా ఒకటి పల్లంగా నిలుస్తాయి. కిందికి దించే మీట నొక్కి అడుగుదాకా దించి, వదిలి, మళ్లీ అదే మీట నొక్కిపట్టుకుంటే కాస్త దిగి మళ్లీ లేచి సర్దుకుంటుంది. చాలా రకాలకి ఇదే పద్ధతి. దానికి ముందు కింద సొరుగుల పెట్టె ఉంటే లాగెయ్యండి.

వైర్ల సంగతి ఎవరూ చూడరు. కూర్చుంటే 65, నిలబడితే 105, అంటే బల్ల 40 సెం.మీ. లేస్తుంది. సీపీయూ నేల మీదుండి, తెర బల్ల మీదుంటే ఆ వైరు సాగాలి. ఎత్తిన స్థితిలో కొలిచి, ఇంకో అడుగు వదులు పెట్టుకోవాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డుని బల్ల అడుగునే బిగించి, గోడకి ఒకే వైరు పోయేట్టు చేస్తే సగం గొడవ తగ్గుతుంది. కిటికీ చట్రానికి, బీరువాకి రెండంగుళాల ఎడం ఉండాలి.

నిలబడటం కూడా మితంగానే. గంటలో పది, పదిహేను నిమిషాలు చాలు. రోజంతా నిలబడితే ఏమవుతుందో బీసెంట్ రోడ్డు బట్టల షాపుల్లో పొద్దస్తమానం నిలబడే సేల్స్ వాళ్ల పిక్కలు చెబుతాయి. లేచే బల్లలు కూర్చునే సమయాన్ని పనిదినానికి సగటున 84 నుంచి 116 నిమిషాల వరకు తగ్గించినట్టు వైద్య పరిశోధనల్ని సమీక్షించే కొక్రేన్ సంస్థ 2018లో చేసిన సమీక్ష తేల్చింది, అయితే ఆధారాలు అంత బలమైనవి కావని కూడా అదే చెప్పింది. అది గుర్తుంచుకుని డబ్బు ఖర్చు పెట్టాలి.

మోటారు లేకుండా ఎత్తు మార్చే బల్ల మన ఆటోనగర్‌లోనే చేయించుకోవచ్చు. మా దృష్టిలో స్టడీ హాళ్లకీ కాలేజీలకీ ఇదే తగినది. 38 మి.మీ. చదరపు పైపు, 2 మి.మీ. మందం, బయటి కాలుకి. లోపల 32 మి.మీ. పైపు. మధ్యలో 2 మి.మీ. వదులుంటుంది, అది ఊగకుండా ఒక్కో కాలికి పక్క నుంచి 8 మి.మీ. చేతిమర బోల్టు బిగించాలి. బయటి పైపు లోపల అతుకు గీత పొడవునా గట్టు కట్టి ఉంటుంది. అది ఆకురాయితో తీయించకపోతే లోపలి పైపు సగంలోనే ఇరుక్కుంటుంది, అప్పుడు సుత్తితో కొడతారు, పైపు సొట్టబోతుంది. రంధ్రాలు 25 మి.మీ. ఎడంతో ఏడు వేయిస్తే 60 నుంచి 75 సెం.మీ. దాకా అందుతుంది. నాలుగు కాళ్లకీ ఒకే మూస పెట్టి రంధ్రాలు వేయించాలి. కంటితో గుర్తు పెట్టి వేస్తే బల్ల ఒక మూలకి వాలుతుంది, పెన్ను దొర్లిపోతుంది. ప్రతి రంధ్రం పక్కన సెంటీమీటరు సంఖ్య రంగుతో రాయించండి. ఇద్దరు కలిసి పలక పట్టుకుంటే రెండు నిమిషాల్లో ఎత్తు మారుతుంది.

ఏలూరు రోడ్డు ప్రచురణల డీటీపీ ఆపరేటర్లకి, గుంటూరు అరండల్‌పేట, బ్రాడీపేట లైన్లలో టైపింగ్ చేసేవాళ్లకి, మిర్చి యార్డు కమీషన్ షాపుల గుమాస్తాలకి సమస్య వేరు. రాతప్రతో, బిల్లుల కట్టో ఎడమ పక్కన బల్ల మీద పడుకోబెట్టి, లైను లైనుకీ తల ఎడమకి తిప్పి, కిందికి వంచి, మళ్లీ తెర వైపు లేపుతారు. పేజీకి ముప్పై లైన్లుంటే ముప్పైసార్లు, అదీ ఎప్పుడూ ఒకే వైపు. ఏ బజరూ దీన్ని పట్టుకోదు, ఎందుకంటే వీపు వంగదు. తిరిగేది మెడ. వాళ్లకి కావాల్సింది కాగితం నిలబెట్టే స్టాండు. తెరకి ఆనుకుని, తెరంత ఎత్తులో, తెరంత దూరంలో ఉండాలి. పరీక్ష రాసే అట్ట, రెండు క్లిప్పులు, వెనక త్రికోణపు చెక్క ముక్క ఉంటే అదే స్టాండు. తెరకీ కీబోర్డుకీ మధ్య వాలుగా పెట్టుకున్నా సరే, తల పక్కకి తిరక్కుండా కన్ను కిందికి దిగితే చాలు. ఒక వారం ఎడమ పక్కన, ఒక వారం కుడి పక్కన మార్చి పెట్టుకోవడం ఇంకా మంచిది.

కాళ్లలో బలం తగ్గడం, మూత్రం మీద పట్టు తప్పడం, తొడల మధ్య మొద్దుబారడం లాంటివి కనిపిస్తే బల్లలూ సెన్సర్లూ పక్కన పెట్టి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి, నొప్పితో పాటు జ్వరం ఉన్నా డాక్టరుకి చూపించాలి.

కొత్త బల్లలకి కొటేషన్లు పిలిచే కాలేజీలకీ, లైబ్రరీలకీ మా విన్నపం: కాగితంలో మూడు మాటలు చేర్చండి. చేతులు పెట్టే మట్టం 60 సెం.మీ. దాకా దిగాలి, సీటు ఎత్తు కనీసం మూడు సైజుల్లో, కీబోర్డు ట్రే ఉంటే వెడల్పు 70 సెం.మీ.కి తగ్గకూడదు. సెన్సర్లు, బజర్లు, యాప్‌లు ఈ మూడూ కుదిరాక మిగిలిన డబ్బుతో.

స్టడీ హాళ్ల వాళ్లు అంతకన్నా తేలిగ్గా మొదలుపెట్టవచ్చు. తలుపు పక్కన గోడ మీద నేల నుంచి 60 మొదలు 75 సెం.మీ. దాకా రెండున్నర సెంటీమీటర్లకో గీత గీయించి, ముందు 38, 42, 46 సెం.మీ. ఎత్తున్న మూడు స్టూళ్లు పెట్టండి. చేరడానికి వచ్చిన విద్యార్థి అరికాళ్లు పూర్తిగా ఆనే స్టూలు ఎంచుకుని గోడ పక్కన కూర్చుంటాడు, మోచెయ్యి ఏ గీతకి వస్తుందో చూసి ఆ సంఖ్య ఫీజు రసీదు మీదే రాసి, ఆ ఎత్తుకి పిన్ను పెట్టిన బల్ల ఇస్తారు. ఏ ఎత్తు బల్లలు ఎన్ని కావాలో కూడా ఒక బ్యాచి చేరేసరికి ఆ రసీదుల కట్టలోనే తేలుతుంది.

ఇట్లు,
విజయవాడ, గుంటూరుల నుంచి కొందరు ఫిజియోథెరపిస్టులు, ఎలక్ట్రానిక్స్ అధ్యాపకులు, ఫర్నిచర్ పనివారు